పెట్టె జోలికి పోకు, ముందు ఎర్తు చూడు

నువ్వు 1975 బీటిల్ కొన్నావని తెలిసి మీ బామ్మ, "అమెరికాలో వీడికి కొత్త కారే దొరకలేదా?" అంది. నేను మాత్రం నువ్వు పంపిన ఫొటోని వేళ్లతో పెద్దది చేసి ఇంజను మూత వైపు చూశాను. దాని మీద "ఫ్యూయల్ ఇంజక్షన్" అని లోహపు అక్షరాలున్నాయి. సగం సంగతి అక్కడే తెలిసిపోయింది. ఆ రోజుల్లో మెక్సికోలో, బ్రెజిల్‌లో జనం కొనుక్కున్న బీటిల్‌కి కార్బురేటరే ఉండేది. అమెరికాలో అమ్మే బండికి మాత్రం, అక్కడి పొగ నిబంధనల పుణ్యమా అని, ఒక ఎలక్ట్రానిక్ పెట్టె పెట్రోలుని కొలిచి చిమ్మించే ఏర్పాటు వచ్చింది. మన దగ్గర ఆ గొప్ప చెప్పుకోవడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. మారుతీ కారు వెనక "ఎంపీఎఫ్‌ఐ" అని కనిపిస్తే, ఆ అక్షరాలకి అర్థం తెలియకపోయినా మా వీధిలో జనం రెండోసారి తిరిగి చూసేవాళ్లు.

ఇక నీ బండి జబ్బు. సెల్ఫు బ్రహ్మాండంగా తిరుగుతుంది, ఇంజను అందుకోదు. ఒక్కోసారి అందుకుంటుంది గానీ తాళం వదలగానే ఆగిపోతుంది. ఎప్పుడైనా నడిస్తే, వేడెక్కాక నల్లపొగ కక్కుతుంది. షెడ్డువాడు చూసి "కంప్యూటరు పోయింది, మార్చాలి" అన్నాడు. అంతేగా?

ఆగు. డబ్బులు కట్టకు.

నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పి, సాయంత్రాలు ఆటోనగర్‌లో మా స్నేహితుడి ఆటో ఎలక్ట్రికల్ షాపులో కూర్చునేవాణ్ణని నీకు తెలుసు. అంబాసిడర్లు, పద్మినీలు, జీపులు వచ్చేవి. అన్నీ కార్బురేటరు బళ్లే, కాబట్టి నీ కారులో ఉన్న పెట్టె అక్కడెవరూ చూసి ఉండరు. కానీ దానికి వచ్చిపోయే కరెంటు మాత్రం అదే కరెంటు. తీగ, టెర్మినలు, ఎర్తు కూడా అవే. యాభై ఏళ్ల బండిలో ముందు ముసలివయ్యేది ఇవే. కదిలే భాగమేదీ లేకుండా, సీలు వేసిన డబ్బాలో కూర్చున్న సర్క్యూటుకి అంత తొందరగా ఏమీ కాదు. ఇంజను పక్కనే వేడికి ఎండి, అదురుకి ఊగి, చెమ్మకి చిలుము పట్టే తీగ కొసలకే కష్టమంతా.

అసలు ఈ పెట్టె ఎలా వచ్చిందో రెండు మాటల్లో చెప్తాను, ఎందుకంటే మొదటి ప్రయత్నం దెబ్బతిన్నది కూడా ఎలక్ట్రానిక్స్ దగ్గరే. 1950ల చివర్లో అమెరికాలో బెండిక్స్ అనే కంపెనీ "ఎలక్ట్రోజెక్టర్" అని ఒకటి తయారుచేసింది. క్రైస్లర్ వాళ్లు 1958 మోడళ్లలో దాన్ని 35 కార్ల దాకా అమర్చి అమ్మారు. అప్పటి కెపాసిటర్లు ఆ వేడికీ చెమ్మకీ తట్టుకోలేదు. చాలా కార్లకి మళ్లీ కార్బురేటర్లు బిగించి పంపారు. ఆ పేటెంట్లు తర్వాత జర్మనీలోని బాష్ చేతికి వెళ్లాయి. 1967లో ఫోక్స్‌వాగన్ 1600లో, అమెరికా మార్కెట్టు కోసం, వాళ్ల డి-జెట్రానిక్ వచ్చింది. లోపల ఇప్పటి చిప్పులు లేవు, విడివిడి ట్రాన్సిస్టర్లతో అల్లిన సర్క్యూటు, దానికి 25 పిన్నుల ప్లగ్గు. ఇంజను పీల్చే చోట గాలి ఒత్తిడి ఎంతుందో చూసి పెట్రోలు లెక్క కట్టేది. నీ బండిలో ఉన్నది దాని తర్వాతిది, ఎల్-జెట్రానిక్ కుటుంబం. ఇది ఒత్తిడిని కాదు, లోపలికి వెళ్లే గాలినే కొలుస్తుంది. గాలి దారిలో ఒక రెక్క ఉంటుంది. గాలి దాన్ని తోస్తే ఎంత కోణం తిరిగిందో ఒక పొటెన్షియోమీటరు పెట్టెకి చెప్తుంది. సాఫ్టువేరు ఏమీ లేదు. వచ్చిన వోల్టేజీలని బట్టి ఇంజెక్టరుని ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో తేల్చడమే దాని పని.

ఇప్పుడు నిప్పు సంగతి. ఇది ఇంకా పాతది. అమెరికాలో ఒహాయో రాష్ట్రం డేటన్‌లో చార్లెస్ కెట్టరింగ్ అనే ఇంజనీరు ఉండేవాడు. ముందు దుకాణాల గల్లాపెట్టెలకి కరెంటు మోటారు పెట్టినవాడు. తర్వాత స్నేహితులతో కలిసి డెల్కో మొదలుపెట్టి, 1910 కాడిలాక్‌కి బ్యాటరీ ఇగ్నిషన్ ఇచ్చాడు. 1912 కాడిలాక్‌కి సెల్ఫు కూడా ఆయనదే. నీ బీటిల్లో డిస్ట్రిబ్యూటరు మూత తీస్తే కనిపించే పాయింట్లు, కండెన్సరు, పక్కన కాయిలు అంతా ఆ పద్ధతే. అరవై అయిదేళ్లయినా పెద్ద మార్పు లేదు.

పని చేసే తీరు విను. పాయింట్లు మూసుకున్నప్పుడు బ్యాటరీ కరెంటు కాయిలులోని లావు తీగ చుట్ల గుండా పారుతుంది. ఆ చుట్ల నిరోధం సుమారు 3 ఓములు, కాబట్టి 12 వోల్టులకి 4 ఆంపియర్లు. కాయిలు లోపల అయస్కాంత క్షేత్రం నిండుతుంది. డిస్ట్రిబ్యూటరు ఇరుసు తిరిగి పాయింట్లు విడిపోగానే ఆ కరెంటు టక్కున ఆగుతుంది, క్షేత్రం కూలిపోతుంది. మారే క్షేత్రం తీగలో వోల్టేజీ పుట్టిస్తుందని 1831లో ఫారడే చూపించాడు కదా, అదే ఇక్కడ జరిగేది. లావు చుట్లలో రెండు మూడు వందల వోల్టులు లేస్తాయి. సన్న తీగ చుట్లు వాటికి వంద రెట్లు ఉంటాయి గనక అక్కడ ఇరవై వేలు, ఆ పైన. ప్లగ్గు కొసల మధ్య ఉన్న సందుని అది దూకుతుంది.

కండెన్సరు ఎందుకని అడుగుతావు. పాయింట్లు విడిపోయే క్షణంలో కరెంటు ఆగడం ఇష్టం లేక ఆ సందులోనే మెరుస్తుంది. అలా మెరిస్తే కరెంటు టక్కున ఆగదు, నిప్పు బలహీనమవుతుంది, పాయింట్లు మాడతాయి. ఆ తాకిడిని తను కాసేపు దాచుకునేది కండెన్సరు. దీన్ని 1853లో చెప్పినవాడు ఫ్రాన్సులో ఫిజో. 1849లో పళ్లచక్రం తిప్పి కాంతి వేగం కొలిచిన ఫిజోయే. ఆయన కాలానికి కారే లేదు, ఇండక్షన్ కాయిలు ప్రయోగశాల వస్తువు. అయినా ఆటోనగర్‌లో "కండెన్సరు మార్చు, పాయింట్లు మాడుతున్నాయి" అన్న కుర్రాడు చెప్పేది ఫిజో మాటే. నాకు ఈ సంగతి ఎంతిష్టమో, క్లాసులో చెప్తే పిల్లలు అంత ఆవులించేవాళ్లు.

ఇంకో చిన్న లెక్క. నాలుగు సిలిండర్ల ఇంజను, ఒక చుట్టుకి రెండు నిప్పురవ్వలు. నిమిషానికి 3000 చుట్లు తిరిగితే 6000 రవ్వలు, అంటే సెకనుకి వంద. పాయింట్ల మధ్య సందు 0.4 మిల్లీమీటర్లు. ఆ కాస్త సందులో జిడ్డో కార్బనో చేరి ఒక ఓము అడ్డం వచ్చిందనుకో. 3 ఓములు 4 అయ్యాయి, కరెంటు 4 నుంచి 3 ఆంపియర్లకి దిగింది. క్షేత్రంలో దాచిన శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది, 16 ఉండాల్సిన చోట 9. ఒక్క ఓముకి నిప్పు బలం దాదాపు సగానికి పడిపోయింది. చల్లటి ఉదయం, బ్యాటరీ సెల్ఫు తిప్పుతూ తనే 10 వోల్టులకి దిగి ఉన్న వేళ, ఆ సగం చాలదు.

ఇక్కడిదాకా అంబాసిడరుకీ బీటిల్‌కీ తేడా లేదు. తేడా వచ్చే చోటు ఒక్కటే ఉంది, మన మెకానిక్కులే కాదు మీ షెడ్డువాడూ తప్పటడుగు వేసేది అక్కడే. కార్బురేటరు బండి నడవకపోతే అందరం ఏం చేస్తాం? సెల్ఫు కొట్టి, ప్లగ్గు విప్పి చూస్తాం. తడిగా ఉండి పెట్రోలు వాసన వస్తే పెట్రోలు అందుతోంది, నిప్పు లేదు. పొడిగా ఉంటే నిప్పు జోలికి పోకుండా పెట్రోలు దారి వెతుకుతాం. ఆ సూత్రం నీ బండికి సగమే పనికొస్తుంది. ఎల్-జెట్రానిక్ పెట్టెకి ఇంజను తిరుగుతోందో లేదో సొంతంగా తెలియదు. కాయిలు మీద 1 అని నంబరున్న కొస, అంటే పాయింట్ల వైపు కొస, దాని నుంచి ఒక సన్నటి తీగ పెట్టెకి వెళ్తుంది. పాయింట్లు విడిపోయినప్పుడల్లా ఆ కొసలో వోల్టేజీ ఎగురుతుంది. పెట్టె ఆ ఎగరడాల్ని లెక్కపెట్టి, రెండింటికొకసారి నాలుగు ఇంజెక్టర్లనీ ఒకేసారి తెరుస్తుంది.

అంటే ఏమైంది? పాయింట్లు పని చేయకపోతే నిప్పూ లేదు, పెట్రోలూ లేదు. ప్లగ్గు పొడిగానే ఉంటుంది. మెకానిక్కు పెట్రోలు వైపు పరిగెడతాడు, పంపు మారుస్తాడు, ఫిల్టరు మారుస్తాడు, చివరికి పెట్టె మీద పడతాడు. జబ్బు మాత్రం పాయింట్ల మధ్య ఉన్న మసిలో ఉంటుంది. అదే ఆ సన్నటి తీగ ఒక్కటే తెగితే, ప్లగ్గులో నిప్పు చక్కగా కనిపిస్తుంది, పెట్రోలు మాత్రం రాదు. కాబట్టి నీ బండిలో పొడి ప్లగ్గు చూసి ఏదీ తేల్చకు. ముందు నిప్పు ఉందో లేదో చూడు. ఉంటే ఆ సన్నటి తీగని కాయిలు నుంచి పెట్టె ప్లగ్గు దాకా పరీక్షించు. లేకపోతే పెట్రోలు సంగతి పూర్తిగా మరిచిపోయి ఇగ్నిషన్ బాగు చెయ్యి, చాలాసార్లు పెట్రోలు దానంతటదే వస్తుంది.

ఎలా పరీక్షించాలన్నది అసలు విషయం. నీ దగ్గర మంచి డిజిటల్ మల్టీమీటరు ఉందన్నావు. మంచిదే, కానీ దాని మంచితనమే నిన్ను ముంచుతుంది. ఆ మీటరు లోపలి నిరోధం పది మెగాఓములు. 12 వోల్టుల తీగకి తాకిస్తే అది తాగే కరెంటు మైక్రోఆంపియరు పైన కొంచెం. తీగలో ఇరవై పోగులుండి పందొమ్మిది తెగి, మిగిలిన ఒక్క పోగుకీ చిలుము పట్టినా, అంత కొంచెం కరెంటు హాయిగా దాటుతుంది. మీటరు "12.4" అని చూపిస్తుంది. కాలవ మీద తాటిపట్టె వేసి ఉంటే పిల్లి దాటిపోతుంది, దాన్ని చూసి ఎడ్లబండి తోలితే ఏమవుతుంది? కాబట్టి కరెంటు పారుతుండగానే కొలవాలి. మా స్నేహితుడి షాపులో మీటరు పెట్టెలోనే ఉండేది. బయట ఉన్నది హోల్డర్లో ఇండికేటరు బల్బు, దానికి రెండు తీగలు. 21 వాట్ల బల్బు, పావు తక్కువ రెండు ఆంపియర్లు తాగుతుంది. అది నిండుగా వెలిగితే తీగ బాగున్నట్టే.

కానీ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకో. ఆ బల్బుని బ్యాటరీ, తాళం, పంపు, రిలే తీగలకే వాడు. పెట్టెకి వెళ్లే సెన్సర్ల తీగలకి తాకించకు. ఆ సర్క్యూట్లు మిల్లీఆంపియర్ల మనుషులు. అక్కడ మీటరే.

కాయిలు దగ్గర ఇది ఎలా ఆడుతుందో చూడు. బీటిల్లో బ్యాటరీ వెనక సీటు కింద, ఇంజను దాని వెనకే, తాళం మాత్రం ముందు స్టీరింగు దగ్గర. కరెంటు ముందుదాకా వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి. దారిలో ఎన్నో కొసలు, తాళం లోపలి అరిగిన రాగి ముక్కలు. నువ్వు కాయిలుకి తాళం నుంచి కరెంటు వచ్చే 15 నంబరు కొస మీద మీటరు పెడతావు. ఇంజను ఆగినప్పుడు పాయింట్లు తెరుచుకుని ఆగాయనుకో, కాయిలులో కరెంటే లేదు, దారి ఎంత చెడ్డదైనా మీటరు పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. ఇంజనుని చేత్తో కాస్త తిప్పి పాయింట్లు మూసుకునేలా చేసి కొలువు. బ్యాటరీకీ దానికీ ఒక వోల్టు పైన తేడా వస్తే ముందు తాళం వైపు నడువు. తాళం అలా వేసి ఎక్కువసేపు ఉంచకు, కాయిలు కాలుతుంది.

ఇక ఎర్తు. మన దగ్గర హారను మోగకపోయినా లైటు మసకగా ఉన్నా ముసలి ఎలక్ట్రీషియను ముందు అనే మాట "ఎర్తు చూడరా" అని. ఆ మాటని నేను నవ్వుతూ వినేవాణ్ణి, తర్వాత లెక్క వేసి చూసుకుని నవ్వడం మానేశాను. కారులో ఒక్కో వస్తువుకి ఒకే తీగ వెళ్తుంది, కరెంటు తిరుగు ప్రయాణం బండి ఇనుము గుండా. బీటిల్ ఇంజను, గేరుబాక్సు రబ్బరు దిండ్ల మీద కూర్చుంటాయి, రబ్బరు కరెంటు పోనివ్వదు. అందుకని గేరుబాక్సుకీ బాడీకీ మధ్య అల్లిన రాగిపట్టీ ఒకటి బిగిస్తారు. బండి కింద, బురదలో, ఎవరికీ కనపడని చోట.

సెల్ఫు తిరిగేటప్పుడు వంద ఆంపియర్లు దాటతాయి. 150 అనుకో. ఆ పట్టీ బోల్టు దగ్గర తుప్పుతో ఒక ఓములో నూరోవంతు అడ్డం వచ్చినా, కరెంటుని నిరోధంతో గుణిస్తే ఒకటిన్నర వోల్టు అక్కడే పోయింది. మామూలు మల్టీమీటరు ఓముల మీద పెట్టి ఆ నూరోవంతుని కొలవలేవు, దాని తీగల నిరోధమే అంతకంటే ఎక్కువ. కానీ బ్యాటరీ నెగటివు గుబ్బకి ఒక కొస, ఇంజను ఒంటికి ఒక కొస పెట్టి, వోల్టుల మీద ఉంచి, సెల్ఫు కొట్టించి చూడు, ఆ ఒకటిన్నర స్పష్టంగా కనిపిస్తుంది. అర వోల్టు లోపు ఉండాలి. కరెంటుని నిరోధంతో గుణించే ఈ సూత్రం చెప్పిన ఓం కొలోన్‌లో బడిపంతులు. 1827లో పుస్తకం వేస్తే సొంత దేశంలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లే పతకం ఇచ్చింది.

ఆ పట్టీ పూర్తిగా తెగితే ఇంకా తమాషా. కరెంటు ఊరుకోదు, వేరే దారి వెతుక్కుంటుంది. ఇంజనుకీ బాడీకీ మధ్య ఇంకేం లోహం ఉంది? యాక్సిలరేటరు కేబులు, క్లచ్చి కేబులు. సెల్ఫు కరెంటు వాటి గుండా పారి, అవి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. క్లచ్చి కేబుళ్లు ఊరికే తెగుతున్నాయని కేబుళ్లు మారుస్తూ కూర్చున్నవాళ్లు ఉన్నారు. నీది కూడా కిందకి దూరి చూడు. చూసే ముందు జాకీని నమ్మకు, స్టాండ్లు పెట్టుకో. మీ బామ్మకి నేను జవాబు చెప్పాలి.

పెట్టెకి సొంతంగా ఎర్తు తీగలుంటాయి, గోధుమరంగువి, నాలుగైదు కలిసి ఇంజను మీద ఒకే చోట బిగుసుకుంటాయి. ఇంజెక్టర్ల కరెంటు తిరిగి వెళ్లే దారి అదే. ఒక్కో ఇంజెక్టరు ఆంపియరు పైచిలుకు తాగుతుంది, నాలుగూ ఒకేసారి తెరుచుకుంటాయి. ఆ బోల్టు కింద చిలుముంటే, చిమ్మిన ప్రతిసారీ పెట్టెకి "సున్నా" అనుకునే చోటే కొంచెం పైకి లేస్తుంది. సున్నా కదిలాక దాని మీద కొలిచేవన్నీ తప్పే. బోల్టు విప్పి, కొసల్ని ఎమరీ కాయితంతో మెరిసేదాకా రుద్ది, ఇనుముని కూడా రుద్ది, మళ్లీ బిగించు. దీనికి ఖర్చు లేదు, అందుకే ఎవరూ చెయ్యరు.

ఇప్పుడు నల్లపొగ. నాకు ఇది అన్నిటికంటే ముచ్చటైన భాగం. సిలిండరు హెడ్డులో ఒక చిన్న సెన్సరు ఉంటుంది. వేడెక్కే కొద్దీ నిరోధం తగ్గే పదార్థం దానిలో ఉంది. 20 డిగ్రీల దగ్గర 2500 ఓములు, 80 దగ్గర 300, అటూ ఇటూగా. పెట్టె దాని నిరోధం చూసి "ఇంజను చల్లగా ఉంది, పెట్రోలు ఎక్కువ పొయ్యాలి" అనో, "వేడెక్కింది, తగ్గించాలి" అనో తేల్చుకుంటుంది. పెట్టె వేడిని చూడటం లేదు, ఓములని చూస్తోంది. దారిలో ఉన్న ప్లగ్గు కొస చిలుము పట్టి తనూ కొన్ని ఓములు కలిపితే, పెట్టెకి ఆ రెండూ వేరు చేసి చెప్పేవాళ్లెవరు?

లెక్క వేద్దాం. ఇంజను 80 డిగ్రీల్లో ఉంది, సెన్సరు 300 ఓములు. కొసలో చిలుము 200. మొత్తం 500. పెట్టె లెక్కలో అది 63 డిగ్రీల ఇంజను. పెట్రోలు కాస్త పెంచుతుంది, నీకు తెలియదు, మైలేజీ పడిపోతుందంతే. చిలుము 800 ఓములైతే మొత్తం 1100, అంటే 40 డిగ్రీలు. ఇప్పుడు పెట్రోలు బాగా ఎక్కువైంది, పొగ నల్లబడింది. తీగే తెగిపోతే నిరోధానికి అంతు లేదు. పెట్టె దృష్టిలో ఇంజను మంచుకొండ మీద ఉన్నట్టే, ప్లగ్గులు తడిసి ముద్దవుతాయి. తలకిందుల రకం కూడా ఉంది. తీగ ఒరుసుకుని ఇనుముకి తగిలితే నిరోధం సున్నా, ఇంజను భగభగమంటోందని పెట్టె పెట్రోలు తగ్గించేస్తుంది, పొద్దున్నే బండి అందుకోదు.

గమనించావా, చల్లగా ఉన్నప్పుడు 2500కి 200 కలిసినా పెద్ద తేడా లేదు. అందుకే పొద్దున బాగానే ఉండి వేడెక్కాక పొగ వస్తుంది. నీ బండి చేస్తున్నది అదే. ఇంజను పూర్తిగా వేడిగా ఉన్నప్పుడు, తాళం తీసేసి, పెట్టె ప్లగ్గు విప్పి, ఆ వైపు నుంచి కొలువు. ఆ తర్వాత సెన్సరు దగ్గర నేరుగా కొలువు. రెండిటికీ తేడా ఎంతుంటే చిలుము అంత. సెన్సరుకి తిరుగు దారి హెడ్డు ఇనుమే కాబట్టి, మళ్లీ ఎర్తు కూడా లెక్కలోకి వస్తుంది. పొగకి వేరే కారణాలుండవని కాదు. చల్లటి పొద్దున్న అదనంగా చిమ్మే అయిదో ఇంజెక్టరు ఒకటుంది, అది కారుతూ ఉన్నా పొగ వస్తుంది. కానీ కొలవడం తేలికైనది ముందు కొలువు.

తాళం వదలగానే ఆగిపోవడం ఇంకో కథ. పెట్రోలు పంపు కరెంటుదే. ప్రమాదం జరిగి ఇంజను ఆగిపోయినా పంపు పెట్రోలు తోస్తూ ఉంటే బండి అంటుకుంటుంది కదా. అందుకని గాలి రెక్క దగ్గరే ఒక స్విచ్చి పెట్టారు. ఇంజను గాలి పీలిస్తే రెక్క తెరుచుకుంటుంది, స్విచ్చి కలుస్తుంది, పంపు నడుస్తుంది. గాలి ఆగితే పంపు ఆగుతుంది. మరి మొదట ఎలా? సెల్ఫు తిరిగేటప్పుడు 50 నంబరు తీగ నుంచి పంపుని కలిపే రిలేకి విడిగా కరెంటు వెళ్లి పంపు నడుస్తుంది. నువ్వు తాళం వదిలావు, సెల్ఫు దారి పోయింది, రెక్క దారి అందుకోవాలి. అక్కడ స్విచ్చి మసి పట్టినా, రిలే లోపల ఆ దారి చెడినా, ఇంజను ఒక్క క్షణం నడిచి ఆగుతుంది. తాళం వేసి, ఇంజను నడపకుండా, రెక్కని వేలితో మెల్లిగా తోసి చూడు. పంపు గుర్రుమని వినపడాలి. వినపడకపోతే దారి చిన్నది: స్విచ్చి, రిలే, మధ్య తీగ. ఆ పక్కనే ఇంకొకటి కూడా చూసుకో. రెక్క దాటాక గొట్టానికి పగులుంటే కొలవని గాలి లోపలికి పోతుంది, అప్పుడు పెట్రోలు చాలదు. నడిచే ఇంజనుకి ఆయిలు పోసే మూత విప్పితే అది తడబడాలి. తడబడకపోతే గాలి అప్పటికే ఎక్కడి నుంచో దొంగతనంగా వస్తోందన్నమాట.

తీగల రంగులు చూసి నమ్మడం గురించి ఒక హెచ్చరిక. జర్మను బళ్లలో గోధుమరంగు అంటే ఎర్తు, ఎరుపు అంటే ఎప్పుడూ బ్యాటరీ, నలుపు అంటే తాళం తర్వాత వచ్చే కరెంటు. ఇంగ్లండు బళ్లలో గోధుమరంగే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే కరెంటు, నలుపు ఎర్తు. నీ షెడ్డులో పక్కన పాత ఎంజీ ఒకటుందన్నావు, దాని మీద నేర్చుకున్న చెయ్యి దీని మీద పెడితే పొగే. రంగుల కంటే కొసల దగ్గర చెక్కిన అంకెల్ని నమ్ము: 30 బ్యాటరీ, 15 తాళం, 31 ఎర్తు, 50 సెల్ఫు, 1 పాయింట్ల వైపు, 4 ప్లగ్గుల వైపు వెళ్లే ఎక్కువ వోల్టేజీ. ఆ వరస జర్మను కంపెనీలన్నిటికీ ఒకటే. ముందున్న యజమానులు ఏ రంగు దొరికితే ఆ రంగు తీగ వేసి టేపు చుట్టి ఉంటారు, అది మాత్రం ఏ పటంలోనూ దొరకదు.

పని మొదలుపెట్టే ముందు పెట్రోలు గొట్టాలు చూడు. పంపు నుంచి ఇంజెక్టర్ల దాకా రెండున్నర బారు ఒత్తిడి ఉంటుంది, కార్బురేటరు బండిలా బొట్లు బొట్లుగా కారడం ఉండదు, చిమ్ముతుంది, అదీ వేడి ఇంజను మీద, నిప్పు పక్కన. గొట్టం వంచితే పగుళ్లు కనిపిస్తే కొత్తవి పడేదాకా తాళం వెయ్యకు. నిప్పు చూడాలని నడిచే ఇంజను మీద ప్లగ్గు తీగ పీకకు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ కొస విప్పకు. మా కాలంలో "డైనమో చార్జింగు ఇస్తోందా" అని అలా విప్పి చూసేవాళ్లు, నీ బండిలో అలా చేస్తే వోల్టేజీ ఎగిరి, పెట్టె నిజంగానే పోతుంది.

చాలామంది ఈ తంటా అంతా పడలేక ఇంజక్షనంతా ఊడబీకి కార్బురేటరు పెట్టించేసుకున్నారు. నాకు అది బాధగా ఉంటుంది. అలా తీసేశాక మూత మీద ఆ లోహపు అక్షరాలు ఎందుకు?

చెడిన కొస దొరికాక దాన్ని టేపు చుట్టి వదలకు. తీగని మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోసి, సరైన కొలత టెర్మినలు పెట్టి, క్రింపింగు ప్లయరుతో నొక్కు. కటింగు ప్లయరుతో నొక్కితే అది మళ్లీ ఏడాదికి లూజే. రాగి నల్లబడి లోపలిదాకా పోయి ఉంటే ఆ తీగ మొత్తం మార్చు. రాగి చిలుము మామూలు నిరోధం కూడా కాదు, పూర్వం బ్యాటరీ చార్జర్లలో కరెంటుని ఒకవైపే పోనిచ్చే పలకలు దానితోనే చేసేవాళ్లు. కొత్త తీగ పాతదాని కంటే సన్నం కాకుండా చూసుకో.

రేపు నాకు మూడు అంకెలు పంపు. సెల్ఫు తిరిగేటప్పుడు బ్యాటరీ నెగటివుకీ ఇంజనుకీ మధ్య వోల్టులు. పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు కాయిలు 15 దగ్గర వోల్టులు. వేడి ఇంజను మీద పెట్టె ప్లగ్గు వైపు నుంచి సెన్సరు ఓములు. సెల్ఫు కొట్టడానికి ఇంకో మనిషిని పిలుచుకో, ఒక్కడివే మీటరు పట్టుకుని తాళం తిప్పలేవు.